అద్దంలో లేని చోటు

కూహ్మో ఊరి చివర, దుంగల యార్డులో,
డిసెంబరు పొద్దు రెండింటికే వాలిపోతుంటే
రైలీ అత్త నన్ను తన లారీ ఎక్కించింది.
నా లైసెన్సు వయసు నాలుగు రోజులు.
నా కారు నాకంటే రెండేళ్లు పెద్దది.

నాలుగు మెట్లు. మేడ మీది కిటికీ లాంటి సీటు.
అద్దం ముందు ఉప్పు బిళ్ళల డబ్బా,
పక్కన నీలం ఊలు చేతితొడుగు,
ఒక్కటే, జత లేదు.

"సైమీ, నీ కారు తాళం ఇలా ఇయ్యి.
కళ్ళు మూసుకుని ముప్పై లెక్కపెట్టు.
తర్వాత నేనెక్కడున్నానో చెప్పు."

ముప్పై.
ఎడమ అద్దంలో మంచు, బక్కచిక్కిన బర్చి చెట్లు.
కుడి అద్దంలో కోసిన దుంగల పసుపు ముఖాలు.
ఎదురుగా యార్డు దీపం, దాని చుట్టూ ముసురుకున్న రవ్వలు.
అత్త లేదు.
ఎర్ర కోటు వేసుకున్న మనిషి,
నవ్వితే సరస్సు అవతలి ఒడ్డుకి వినిపించే మనిషి
లేదు.
ఇందాక గేటు దగ్గర పెట్టిన నా కారూ లేదు.

"వెనకున్నావా?" అరిచాను.
"దుంగల కిందా? అత్తా, ఆటలొద్దు!"

హారన్ మోగింది,
నా కుడి మోకాలి కింద నుంచి మోగినట్టు.
తలుపు తీసి వంగి చూద్దును కదా,
అక్కడే, చెయ్యి చాపితే పైకప్పు తగిలేంత దగ్గర్లో
నా కారు. రెండు లైట్లూ వెలుగుతున్నాయి.
లోపల అత్త బిస్కెట్ తింటోంది.

"నువ్వు చూశావు కదా, నేను చూడలేదనుకున్నావా?
అందరూ అలాగే అనుకుంటారు.
అంత ఎత్తున కూర్చున్నాను కాబట్టి అన్నీ కనిపిస్తాయని.
నా అద్దంలో నీకు నా ముఖం కనిపించకపోతే
నాకు నువ్వు పుట్టనే లేదు."

టీ తాగుతూ ఇంకా ఏవేవో చెప్పింది, వరసా వావీ లేకుండా.
తన ముందు వదిలే ఖాళీ ఎవరి కోసమూ కాదట,
అది తన బ్రేకులు ఊపిరి పీల్చుకునే చోటట.
"నీ కారు సౌనా గుమ్మం దగ్గర ఆగితే
నా లారీ సరస్సులో ఆగుతుంది."
దాటాక వెంటనే ముందుకు దూరొద్దంది,
నా లోపలి అద్దంలో తన రెండు దీపాలూ
పూర్తిగా కనిపించేదాకా ఓపిక పట్టమంది.
ముందు లారీవాడు దాటమని కన్ను గీటినా
అది మర్యాదే గానీ హామీ కాదంది.
లారీ లేపే మంచు దుమ్ములోకి
గుడ్డిగా తల దూర్చొద్దంది.
"అందులో ఎదురొచ్చేది దుప్పి కావచ్చు, బస్సు కావచ్చు.
దుప్పికైతే లైసెన్సు కూడా ఉండదు."

నవ్వింది. తర్వాత చేతితొడుగు తీసి
మోకాలి మీద పెట్టుకుని సాపు చేసింది.
వేళ్లు చిన్నవి. అత్తవి కావు.
ఎవరిదని నేను అడగలేదు.
"పదకొండేళ్లు," అంది, అడక్కుండానే.
తొడుగుని మళ్ళీ అదే చోట పెట్టేసింది.

ఇవాళ కాజాని కూడలిలో
నా ముందొక దుంగల లారీ
కుడి సిగ్నలు వేసి ఎడమకి జరిగింది.
కుడి పక్కన ఇంత చోటు,
రా రమ్మని పిలిచేంత చోటు.
దాని తోక మెల్లగా, బద్ధకంగా,
ఆ చోటునంతా ఊడ్చుకుంటూ తిరగబోతోంది.
ఎర్ర దీపాల మీద మంచు పేరుకుంది.
అద్దంలో అతని ముఖం లేదు.

ఆగాను.
వెనక కారువాడు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.
చేతులు స్టీరింగు మీదే ఉంచి
నేను లెక్కపెడుతున్నాను,
ఇరవై ఏడు,
ఇరవై ఎనిమిది.